పస్తుల వెనక పదిమంది చూపు

2015లో అమెరికాలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద ఒక పెద్ద సర్వే జరిగింది. పద్దెనిమిదేళ్లు నిండిన 27,715 మంది జవాబులిచ్చారు. ఉద్యోగాలు, అద్దె ఇళ్లు, ఆసుపత్రులు, పోలీసులు, ఇలా అడగని సంగతి లేదు. మరుగుదొడ్ల గురించి కూడా కొన్ని ప్రశ్నలున్నాయి. బయట ఉన్నప్పుడు టాయిలెట్‌కి వెళ్లే అవసరం రాకూడదని గడిచిన ఏడాదిలో తిండీ నీళ్లూ తగ్గించుకున్నామని వందకు 32 మంది చెప్పారు. అలా ఆపుకోవడం వల్ల మూత్రనాళాల ఇన్‌ఫెక్షనో కిడ్నీ సమస్యో వచ్చిందన్నవాళ్లు వందకు 8 మంది. ఆడవాళ్ల తలుపు తోస్తే ఒక గొడవ, మగవాళ్ల తలుపు తోస్తే ఇంకో గొడవ. ఆ రెండు గొడవలకూ జడిసి కడుపు మాడ్చుకున్నవాళ్లు వీళ్లు. తిండి మానేయడం ఒక రుగ్మత అనగానే మనకు అద్దం ముందు నిలబడి నడుము కొలుచుకునే అమ్మాయి గుర్తొస్తుంది. సినిమా తారల్ని చూసి సన్నబడాలన్న పిచ్చి అనుకుంటాం. ఈ లెక్క ఆ బొమ్మలో ఇమడదు. ట్రాన్స్‌జెండర్ యువతలో తిండితో వచ్చే తగాదా చాలావరకు అందం కోసం పడే పాట్లు కాదు. తమని ఎదుటివాళ్లు ఎవరిగా చూస్తారు, ఎలా పిలుస్తారు, ఎక్కడ నిలబడనిస్తారు అన్నదానికి ఒంటిని అడ్డం పెట్టుకుని చేసే బేరం అది. అందుకే ఒంటి బరువును మాత్రమే చూసే వైద్యం ఇక్కడ సగం దూరమే వెళ్లగలదు. మిగతా సగం ఇంట్లోనూ బడిలోనూ ఉంది.

పుట్టినప్పుడు ఆసుపత్రి కాగితం మీద ఆడపిల్ల అని రాసిన బిడ్డ, ఎదిగాక తాను అబ్బాయినని గుర్తిస్తే ట్రాన్స్ అబ్బాయి అంటున్నాం. మగపిల్లాడని రాసిన బిడ్డ తాను అమ్మాయినంటే ట్రాన్స్ అమ్మాయి. ఆడ, మగ అన్న రెండు గళ్లలో దేంట్లోనూ తాము పూర్తిగా పట్టమని చెప్పేవాళ్లు నాన్‌బైనరీ. ఇక తిండి రుగ్మతల్లో మూడు ముఖ్యమైనవి. ప్రాణం మీదికి వచ్చేదాకా తిండి తగ్గించేయడం అనొరెక్సియా. అదుపు తప్పి తినేసి, ఆ తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూడటం బులీమియా. వదిలించుకునే ప్రయత్నం లేకుండా, మాటిమాటికీ అదుపు తప్పి తిని తర్వాత కుమిలిపోవడం మూడోది. వీటిలో ఏ పేరూ అతకనంత మాత్రాన సమస్య లేదని కాదు. పేరు పెట్టలేని స్థితిలో ఏళ్ల తరబడి నలిగేవాళ్లే ఎక్కువ.

ఇది ట్రాన్స్‌జెండర్ యువతలో ఎక్కువని ఎలా తెలుసు? 2015లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన అమెరికా అధ్యయనం 223 కాలేజీలు, యూనివర్సిటీలకు చెందిన దాదాపు 2 లక్షల 89 వేల మంది విద్యార్థుల జవాబుల్ని పరిశీలించింది. గత ఏడాదిలో తిండి రుగ్మత ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పినవాళ్లు ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల్లో వందకు దాదాపు 16 మంది. ట్రాన్స్‌జెండర్ కాని, మగవాళ్లనే ఇష్టపడే అమ్మాయిల్లో వందకు ఇద్దరు కూడా లేరు. తిండి రుగ్మత అంటే అమ్మాయిల జబ్బని దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు చెబుతున్న చోట ఈ తేడా కనబడింది. ఇక్కడ ఒక అనుమానం సహజంగా వస్తుంది. ఆ దేశంలో ట్రాన్స్‌జెండర్ యువత ఎలాగూ సైకియాట్రిస్టులు, కౌన్సిలర్ల దగ్గరికి వెళుతుంటారు కదా, వెళ్లేవాళ్లకి జబ్బు పేరు రాసే అవకాశమూ ఎక్కువే కదా అని. నిజమే, ఆ సర్వేలో ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు 479 మందేనన్నది కూడా మరిచిపోకూడదు. కానీ అదే సర్వే డాక్టరుతో పని లేని ప్రశ్నలు కూడా అడిగింది. బరువు తగ్గడానికి గత నెలలో మాత్రలు మింగారా, తిన్నది కక్కేశారా అని. ఆ జవాబుల్లోనూ ట్రాన్స్‌జెండర్ విద్యార్థులే ముందున్నారు. డాక్టరు రాసిన చీటీల వల్ల పెరిగిన లెక్క అయితే ఇక్కడ తగ్గాలి. తగ్గలేదు. పైగా ట్రెవర్ ప్రాజెక్ట్ అనే అమెరికన్ సంస్థ 2021లో లైంగిక, జెండర్ మైనారిటీ యువతను అడిగినప్పుడు తిండి రుగ్మత నిర్ధారణ అయిందన్నవాళ్లు 9 శాతం ఉంటే, నిర్ధారణ కాలేదు గానీ తమకి ఉందనే అనుమానం అన్నవాళ్లు 29 శాతం ఉన్నారు. అంటే డాక్టరు దాకా చేరని వాళ్లే మూడింతలు.

ఒంటితో పేచీ యుక్తవయసులో అందరికీ ఉంటుంది. మొటిమలు, గొంతు మారడం, ఎత్తు పెరగకపోవడం, వీటి మీద దిగులు పడని వాళ్లు అరుదు. అయితే ఆ దిగులుకి ఒక గడువుంటుంది. ఒళ్లు ఎటు వెళుతోందో అటే తానూ వెళ్లాలని ఆ పిల్లకో పిల్లాడికో ఉంటుంది, కాస్త ఆలస్యమో, కాస్త వంకరో అయిందన్నదే బాధ. ట్రాన్స్ పిల్లల సంగతి వేరు. ఒళ్లు రోజురోజుకీ తాము కాని మనిషి వైపు నడిచిపోతోందని వాళ్లకి అనిపిస్తుంది. ట్రాన్స్ అబ్బాయికి ఛాతీ, నడుము, నెలసరి, ఈ మూడూ ఎదుటివాళ్లు తనని అమ్మాయని పిలవడానికి ఇచ్చిన సాక్ష్యాల్లా కనిపిస్తాయి. బాగా చిక్కిపోయిన ఒంట్లో ఆ గుర్తులు మసకబారతాయి. ఆకలితో అలమటించే శరీరం పిల్లల్ని కనే వ్యవస్థను ముందుగా మూసేస్తుందన్నది వైద్యులకి ఎప్పట్నుంచో తెలుసు. నెలసరి ఆగిపోవడాన్ని ఒకప్పుడు అనొరెక్సియా నిర్ధారణకు తప్పనిసరి లక్షణంగా పెట్టారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు ఆ షరతు తీసేసింది. మామూలు రోగికి అది భయపడాల్సిన దుష్ఫలితం. ట్రాన్స్ అబ్బాయికి అదే ఊరటగా తోచవచ్చు. జబ్బు బహుమానంలా కనిపించే ఈ చోటే అసలు ప్రమాదం ఉంది. ట్రాన్స్ అమ్మాయి దారి ఇంకోలా ఉంటుంది. భుజాలు, కండలు పెరగకూడదు, నలుగురూ అమ్మాయిగా ఒప్పుకోవాలంటే నాజూగ్గా ఉండాలి, అమ్మాయిల మీద సమాజం మోపే సన్నదనపు కొలతలన్నీ వాళ్ల నెత్తి మీదా పడతాయి, రెట్టింపు బరువుతో. నాన్‌బైనరీ పిల్లలకైతే చేరాల్సిన రూపం అంటూ ఎక్కడా కనిపించదు. ఏ గుర్తూ లేని ఒళ్లంటే సన్నటి ఒళ్లేనని ఫ్యాషన్ ఫొటోలు నేర్పిస్తాయి, లావుగా ఉండే నాన్‌బైనరీ మనిషి ఆ ఫొటోల్లో దాదాపు కనబడరు.

ఇది ఎవరో బల్ల ముందు కూర్చుని అల్లిన సిద్ధాంతం కాదు. ఫిన్లాండ్ పరిశోధకులు 2012లో 20 మంది ట్రాన్స్ వ్యక్తుల్ని కూర్చోబెట్టి వివరంగా మాట్లాడించారు. సన్నబడాలనుకోవడానికి వాళ్లలో చాలామంది చెప్పిన కారణం ఒకటే. పుట్టుకతో వచ్చిన ఆడ లేదా మగ లక్షణాల్ని అణచడం, తాము అనుకున్న లక్షణాలు పైకి తేలేలా చేయడం. ఇరవై మంది మాటతో లోకాన్నంతా కొలవలేం. కానీ సర్వేలు ఎంతమందికి ఉందో చెబుతాయే తప్ప ఎందుకు ఉందో చెప్పలేవు. ఆ పని ఇలాంటి చిన్న అధ్యయనాలే చేయాలి.

మన దగ్గర ఒంటి మార్పు ఇంటి గుట్టుగా ఉండదన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పిల్ల పెద్దమనిషి అయితే కోస్తా ఊళ్లలో చాప వేసి కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు. ఓణీల ఫంక్షన్‌కి వీధి మలుపులో ఫ్లెక్సీ కడతారు, బంధువులంతా వచ్చి అక్షింతలు వేస్తారు, ఈమధ్య డ్రోన్ కెమెరా కూడా ఎగురుతోంది. మగపిల్లాడికి పంచెల ఫంక్షన్ ఉంది. వేడుకని తప్పు పట్టడం కాదు, చాలామంది పిల్లలకి అది కొత్త బట్టలూ కానుకలూ దొరికే సంబరమే. కానీ తన ఒంట్లో జరుగుతున్నదాన్ని ఎవరికీ కనబడకుండా దాచుకోవాలని చూస్తున్న బిడ్డకి, దాన్నే పందిరి వేసి పదిమందికీ చూపించడం ఎలా ఉంటుందో ఆలోచించడం కష్టమేమీ కాదు. ఆ తర్వాత ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీ. అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు, ఒక గదిలో అరడజను మంచాలు, వరసగా బాత్‌రూములు. రెండేళ్లు ఇరవైనాలుగు గంటలూ ఎవరి కంటో పడుతూనే ఉండాలి. మెస్‌లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో మాత్రం ఎవరి కంటా పడదు. ర్యాంకు తగ్గితే ఇంటికి ఫోన్ వస్తుంది గానీ పిల్లాడు నాలుగు కిలోలు తగ్గాడని ఏ వార్డెనూ ఫోన్ చేయడు.

పస్తులు ఒంటికి ఏం చేస్తాయో తెలుసుకుంటే తొందర ఎందుకో అర్థమవుతుంది. 1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగ వాలంటీర్లకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టి పరిశీలించాడు. యుద్ధంతో మలమల మాడుతున్న యూరప్‌కి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తేల్చడం ఆయన ఉద్దేశం. ఆ మగవాళ్లలో ఎవరికీ ఒంటి అందం గురించిన బెంగ లేదు. అయినా వారాలు గడిచేకొద్దీ పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు పోగేశారు, స్నేహితులకి దూరమయ్యారు, చిరాకు, దిగులు, ఒంటరితనం ముంచెత్తాయి. తిండి మళ్లీ దొరికాక కొందరు ఎంత తిన్నా ఆగలేకపోయారు. కారణం ఏదైనా సరే, ఒకసారి ఆకలి ముదిరాక మెదడు తన సొంత దారి పడుతుందని ఈ ప్రయోగం చూపించింది. యుక్తవయసులో దీనికి ఇంకో నష్టం తోడవుతుంది. జీవితాంతం నిలబెట్టే ఎముకల బలంలో పెద్ద భాగం ఆ కొద్ది ఏళ్లలోనే కూడుతుంది, హార్మోన్లు ఆగిపోతే అది కూడదు. గుండె వేగం పడిపోతుంది, ఒంట్లో లవణాల లెక్క తప్పుతుంది. బాగా చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా బలవంతాన తినిపిస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం పోయే ప్రమాదం ఉంది కాబట్టి తిరిగి తినిపించడం కూడా డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. జెండర్ ప్రశ్న ఎంత నిజమైనదైనా, ఆకలి దానికి పరిష్కారం కాదు. పైగా ఆలోచించే శక్తినే అది లాగేసుకుంటుంది.

అయితే ఈ పిల్లల్లో ఎవరు ఎక్కువ నలుగుతున్నారు, ఎవరు తట్టుకుంటున్నారు? నా వాదనకి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. కెనడాలో 14 నుంచి 25 ఏళ్ల ట్రాన్స్ యువత 923 మందిని సర్వే చేసిన పరిశోధకులు 2017లో ఫలితాలు ప్రచురించారు. 14-18 ఏళ్ల పిల్లల్లో దాదాపు సగం మంది బరువు కోసం పస్తులున్నామన్నారు. అదొక్కటే అయితే ఇంకో భయపెట్టే అంకె అయి ఉండేది. వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఏ పిల్లలకి ఎంత వేధింపు, ఎంత వివక్ష ఎదురైందో, ఇంటితో, బడితో, స్నేహితులతో ఎంత అనుబంధం ఉందో కూడా అడిగి, రెండింటినీ కలిపి చూశారు. వేధింపు పెరిగేకొద్దీ తిండితో తగాదా పెరిగింది. ఇంట్లో, బడిలో దగ్గరితనం ఉన్న పిల్లల్లో అది తగ్గింది. వేధింపు ఎక్కువ, ఆసరా ఏమీ లేదు అన్న పిల్లలు ఒక కొసన, వేధింపు లేదు, ఆసరా ఉంది అన్న పిల్లలు ఇంకో కొసన నిలిచారు, ఆ ఇద్దరి మధ్యా తేడా చాలా పెద్దది. ట్రాన్స్ కావడమే జబ్బుకి కారణమైతే ఇద్దరికీ ఒకేలా రావాలి. అలా రాలేదు. అదే ఏడాది అమెరికాలో 442 మంది ట్రాన్స్ వ్యక్తుల మీద వచ్చిన ఇంకో అధ్యయనం ఈ గొలుసును కొక్కెం కొక్కెంగా విప్పి చూసింది. జెండర్‌కి సంబంధించిన వైద్యం పొందినవాళ్లలో తిండి రుగ్మత లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ఎందుకని చూస్తే, వైద్యం వల్ల బయటివాళ్లు తమని తాముగా గుర్తించడం పెరిగింది, గుర్తింపు పెరిగితే ఒంటి మీద తృప్తి పెరిగింది, తృప్తితో పాటు తిండి కుదుటపడింది. గొలుసు నడుమ నిలిచిన కొక్కెం ఎదుటివాళ్ల గుర్తింపు. మందు కూడా ఆ గుర్తింపు మీదుగానే పని చేస్తోంది.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి, దాటవేయడం న్యాయం కాదు. మొదటిది పరిశోధన పద్ధతి తెలిసినవాళ్లది. ఇవన్నీ ఒకే సమయంలో అడిగిన సర్వేలు, ఏది ముందు ఏది వెనక అన్నది వీటితో తేలదు. తిండి రుగ్మత ఉన్న బిడ్డ చిరాగ్గా ఉంటుంది, ఇంట్లో గొడవ పడుతుంది, కాబట్టి ఇంటితో అనుబంధం తగ్గడం కారణం కాదు, ఫలితం కావచ్చు. ఒప్పుకోవాల్సిన మాటే. కానీ వేధింపు సంగతి అలా తిప్పలేం. పస్తులున్న పిల్లని చూసి దారినపోయేవాడు ట్రాన్స్‌జెండర్ అని ఎగతాళి చేయడు, జెండర్‌ని చూసి చేస్తాడు. టాయిలెట్ లెక్కలోనైతే కారణాన్ని జవాబిచ్చినవాళ్లే నోరారా చెప్పారు. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. ఆకలి మెదడును మార్చేస్తుందని మీరే అన్నారు, మరి తాను అబ్బాయినన్న ఆ అమ్మాయి మాట ఆకలి పలికించిన మాట ఎందుకు కాకూడదు, ఎదిగే ఒంటి మీద భయమే ఆ వేషం వేసుకుని వచ్చి ఉండవచ్చు కదా అని. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. అందుకే తొందరపడి ఏ వైపూ తీర్పు చెప్పకుండా మొదట ఒంటికి బలం రానివ్వాలి, తర్వాత ఆ మాట నిలుస్తుందా అని ఓపిగ్గా చూడాలి. ఆ మాట నిలిచినప్పుడు మాత్రం దాన్ని ఇంకా జబ్బు ఖాతాలోనే రాయడం వైద్యం అనిపించుకోదు. పైగా ఈ వాదన ట్రాన్స్ అమ్మాయిల విషయంలో నిలబడదు. ఎదిగే ఆడ శరీరానికి భయపడటమే అసలు సంగతైతే, అదే శరీరం కావాలని కోరుకునేవాళ్లలో ఈ రుగ్మత ఎందుకుంది?

హార్మోన్ల చర్చ కూడా ఇక్కడే వస్తుంది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ క్లినిక్‌కి వచ్చిన 500 మందికి పైగా ట్రాన్స్ వ్యక్తుల్ని పరిశీలించినప్పుడు హార్మోన్లు ఇంకా మొదలుపెట్టని వాళ్లలోనే తిండి రుగ్మత లక్షణాలు ఎక్కువ కనిపించాయి. అదే ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్‌లో వచ్చిన హిలరీ కాస్ నివేదిక, పద్దెనిమిది లోపు పిల్లలకి ఇచ్చే యుక్తవయసును ఆపే మందులకూ హార్మోన్లకూ ఆధారాలు బలహీనంగా ఉన్నాయని, చాలా జాగ్రత్తగా వెళ్లాలని చెప్పింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. మొదటిది ఎక్కువగా పెద్దవాళ్ల సంగతి, రెండోది పిల్లల సంగతి. పిల్లలకి మందులు ఎప్పుడు, ఎవరికి అన్న చర్చ డాక్టర్ల మధ్య ఇంకా చాలాకాలం సాగుతుంది. నా వాదనకి ఆ చర్చ తేలే దాకా ఆగాల్సిన పని లేదు. ఇంటి దగ్గరితనానికి, బడిలో వేధింపు లేకపోవడానికి ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, దుష్ఫలితాలూ లేవు. సోషల్ మీడియా చూసి పిల్లలు నేర్చుకున్న వేషాలివి అన్న మాటకి పెద్ద జవాబు అవసరం లేదనుకుంటాను. సన్నటి ఒళ్ల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో అందరు పిల్లలూ చూస్తున్నారు. అందరిలోనూ ఒకే నిష్పత్తిలో రాని జబ్బుకి అందరూ చూసే ఫొటో ఒక్కటే కారణం కాలేదు.

ఇవన్నీ అమెరికా, కెనడా లెక్కలు కదా, మనకేం సంబంధం అన్నది తెలుగు పాఠకుడి నుంచి తప్పక వచ్చే ప్రశ్న. ట్రాన్స్‌జెండర్ మనుషులు మనకి దిగుమతి కాదు. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక ఇతరులు అన్న గడిలో దేశం మొత్తం మీద 4 లక్షల 88 వేల మంది తేలితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 44 వేల మంది. చెప్పుకోవడానికి వెనకాడినవాళ్లు ఈ లెక్కలో లేరు. తమిళనాడు హిజ్రా రచయిత్రి రేవతి జీవితం పి. సత్యవతి అనువాదంలో ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి వచ్చింది, ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ బహుమతి కూడా దక్కింది. మనుషులున్నారు, వాళ్ల కథలున్నాయి. వాళ్ల కంచంలోకి తొంగిచూసిన వైద్యుడే అరుదు. తిండి రుగ్మత మన దగ్గర కనబడకపోవడానికి మన ప్రశ్నలు కూడా ఒక కారణం. 1990ల్లో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు, ప్రాణం మీదికి తెచ్చుకునేంతగా తిండి మానేసినా లావవుతామన్న భయం మాత్రం లేదని చెప్పే రోగుల్ని ఎందరినో గుర్తించాడు. కడుపు ఉబ్బరమనీ ఆకలి లేదనీ వాళ్లు చెప్పేవాళ్లు. లావవుతానని భయమా అన్న ఒక్క ప్రశ్నతో వెతికే డాక్టరుకి వాళ్లు దొరకరు. టాయిలెట్‌కి జడిసి నీళ్లు మానేసిన పిల్లా దొరకదు. మన ఇళ్లలో ఇంకో ముసుగు కూడా ఉంది. శనివారం ఉపవాసం, కార్తీకమాసం, పరీక్షల టెన్షన్, గ్యాస్ ట్రబుల్, జిమ్ డైట్. తినకపోవడానికి ఇంటిల్లిపాదీ మెచ్చే కారణాలు ఇన్ని ఉన్న చోట అసలు కారణం దాచుకోవడం ఎంతసేపు?

దాచుకోకుండా చెప్పాలనుకున్నా వెళ్లడానికి చోటు కావాలి. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసమే నడిచింది, అక్కడ పని చేసినవాళ్లలోనూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులుండేవారు. డాక్టరు ముందు మొదటి పావుగంట తానెవరో నిరూపించుకోవడానికే ఖర్చు చేయనక్కర్లేని చోటు అది. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం నిలిపేయడంతో అది మూతపడింది. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ తెలంగాణలో ప్రభుత్వ సర్వీసులో చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులుగా ఉస్మానియా ఆసుపత్రిలో అడుగుపెట్టారు. ఇలాంటి మనుషుల మీద, ఎక్కడి నుంచో వచ్చే డబ్బు మీద ఆధారపడిన సేవ ఎంత బలహీనమైనదో మిత్ర్ ఉదంతమే చెబుతోంది. బడి సంగతి ఇంకా దిగదుడుపు. ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో కలుపుకోవడం ఎలాగో టీచర్లకి చెప్పే పుస్తకాన్ని 2021లో ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసింది, ఆడ మగ తేడా లేని టాయిలెట్ల మాట అందులో ఉంది. అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. అమెరికాలో వందకు 32 మంది కడుపు మాడ్చుకున్నది ఏ తలుపు దగ్గరో గుర్తుంటే, ఆ పుస్తకం సిద్ధాంత చర్చ కాదని, ఆరోగ్య శాఖ చదవాల్సిన పుస్తకమని తెలుస్తుంది.

ఇక చికిత్స. యుక్తవయసు అనొరెక్సియాకి లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980ల్లో రూపొందిన పద్ధతికి మంచి పేరుంది. బిడ్డ ఏం తినాలో, ఎంత తినాలో కొంతకాలం అమ్మానాన్నలే నిర్ణయించి, పక్కన కూర్చుని తినిపిస్తారు. అన్నం కలిపి ముద్దలు పెట్టే అలవాటున్న మన ఇళ్లకి ఇది కొత్తగా అనిపించదు కూడా. కానీ ట్రాన్స్ బిడ్డ విషయంలో రెండు చిక్కులున్నాయి. బరువు పెరిగితే మామూలు రోగికి ఒళ్లు తిరిగి తనదవుతుంది, ట్రాన్స్ అబ్బాయికి నెలసరి తిరిగి వస్తుంది, నడుము తిరిగి వస్తుంది. దేన్నుంచి పారిపోయాడో అక్కడికే డాక్టరు చేయి పట్టుకుని తీసుకొచ్చినట్టు ఉంటుంది. ఇది ముందే తెలిసిన డాక్టరు బరువు పెంచడం ఆపడు. ఒంట్లో రాబోయే మార్పుల గురించి ముందుగా చెబుతాడు, నెలసరి బాధిస్తే దానికి వేరే ఉపాయాలున్నాయని మాట్లాడతాడు, వార్డులో ఏ పేరుతో పిలవాలో అడుగుతాడు. రెండో చిక్కు ఇల్లే. పక్కన కూర్చుని తినిపించే చెయ్యి, అదే పూట నువ్వు అబ్బాయివేంటే అని వెక్కిరించే నోరు ఒకే మనిషివైతే ఆ ముద్ద దిగదు. అలాంటి ఇంట్లో ముందు మనస్తత్వ నిపుణులు పెద్దవాళ్లతో విడిగా కూర్చోవాలి.

మా బిడ్డ జెండర్ సంగతి మాకింకా మింగుడు పడలేదు, మమ్మల్ని ఏం చేయమంటారు అని అడిగే అమ్మానాన్నలకి కెనడా సర్వే దగ్గర ఆశ పెట్టుకోదగ్గ జవాబుంది. అక్కడ కుటుంబ అనుబంధాన్ని కొలిచినప్పుడు, మీ అమ్మానాన్నలకి జెండర్ సిద్ధాంతం తెలుసా అని అడగలేదు. ఇంట్లోవాళ్లు నిన్ను పట్టించుకుంటారా, అర్థం చేసుకుంటారా, కలిసి సరదాగా ఉంటారా, ఇలాంటివే ఆ ప్రశ్నలు. అన్నీ ఒప్పుకున్నాకే దగ్గరికి తీసుకోవాలన్న నియమం లేదు. బంధువుల ముందు ఒంటి గురించి మాట్లాడకపోవడం, చిక్కిపోయావనీ లావయ్యావనీ అనకపోవడం, పెళ్లికి ఏ బట్టలు వేసుకుంటావో నీ ఇష్టం అనడం, కాలేజీలో టాయిలెట్‌కి ఇబ్బందిగా ఉందా అని సూటిగా అడగడం, ఇవి ఈ పూటే మొదలుపెట్టగలిగినవి. అన్నం వేళకి వంకలు చెబుతున్నా, తిన్న వెంటనే బాత్‌రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా, నెలసరి ఆగినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గర గుండె వేగం, రక్తపోటు, లవణాల పరీక్షలు చేయించాలి. బిడ్డ ఒప్పుకోకపోతే, లేదా డాక్టరు ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. బిడ్డే కాదు, బిడ్డ గురించి అమ్మానాన్నలూ చేయవచ్చు.